నీళ్లకు నిలవని నీలం

మిల్టన్

మిల్టన్ నుంచి మాంట్రియల్‌కు కారులో ఆరు గంటలు. మేము రెండు రోజులు తీసుకున్నాము. ఫిబ్రవరి నెల. కారు నడిపింది ఇరవై రెండేళ్ల అమ్మాయి. పక్కన కూర్చున్న నేను భయస్థురాలిని. వెనక సీట్లో అట్ట గొట్టంలో చుట్టి మా అక్క వేసిన ఆఖరి బొమ్మ ఉంది.

అక్క పేరు సుగుణ. ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసింది. రిటైరయ్యాక రిచ్‌మండ్ హిల్‌లో ఒక చైనా టీచరమ్మ దగ్గర పువ్వులూ పక్షులూ వేయడం నేర్చుకుంది. ఏడేళ్లు నేర్చుకుని, మొన్న నవంబరులో పోయింది. కారు నడిపిన అమ్మాయి ఆమె కూతురు కెజియా. నన్ను పిన్నీ అంటుంది. తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. మాట్లాడితే సగానికి పైగా ఇంగ్లీషే.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పాలి. చైనా బొమ్మలు వేసే కాగితం చాలా పలచన. రంగు తడికి ముడతలు పడుతుంది. వెనక గోధుమ పిండి జిగురుతో మరో కాగితం అంటిస్తేనే బొమ్మ సాఫుగా ఉంటుంది, చిరగకుండా చాలాకాలం నిలుస్తుంది. అలా అంటించేటప్పుడు బొమ్మను బోర్లా పరిచి నీళ్లతో పూర్తిగా తడుపుతారు. అసలైన చైనా సిరాలోనూ రంగుల్లోనూ జిగురు ఉంటుంది కనక ఒకసారి ఆరాక మళ్లీ తడిసినా చెదరవు. ఎన్నో తరాలుగా ఇదే పద్ధతి.

నా భయమంతా ఆ నీళ్ల గురించే.

అక్క ఈ బొమ్మను ఆఖరి రోజుల్లో రోగులను ఉంచే హాస్పిస్‌లో మంచం మీద కూర్చుని వేసింది. మధ్యలో నీలం అయిపోయింది. టీచరమ్మ దగ్గర తెమ్మంది. అక్కను వదిలి అంత దూరం వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు. పక్క వీధిలో చవక సామాన్ల కొట్టుకు వెళ్లి పిల్లలు వాడే రంగుల డబ్బా కొన్నాను. ఆరు సీసాలు నాలుగు డాలర్లు. అక్కడ రెండు రకాలున్నాయి. ఒకదాని మీద ‘వాషబుల్’ అని ఉంది. దుప్పటి మీద ఒలికినా ఉతికితే పోతుంది, అక్కడి నర్సులకు ఇబ్బంది ఉండదు అని అదే తీసుకున్నాను. నీలాన్ని అక్క రంగుల గిన్నెలోకి వంపి, టీచరమ్మ పంపిందని చెప్పాను. అక్క ఆ నీలంతోనే పిట్టను పూర్తి చేసింది.

ఉతికితే పోయే రంగు అది. నేను ఏరికోరి తెచ్చింది. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. కెజియా "అమ్మ లాస్ట్ పెయింటింగ్ మౌంట్ చేయిద్దాం పిన్నీ" అన్న రోజు నుంచి నాకు సరిగా తిండి సయించలేదు.

రిచ్‌మండ్ హిల్

లియాంగ్ టీచరమ్మకు డెబ్బై ఆరేళ్లు. పొట్టి మనిషి. బేస్‌మెంటులో క్లాసు చెబుతుంది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లే అలవాటు మనకూ వాళ్లకూ ఒకటే. మాకోసం వెచ్చని నీళ్లు పెట్టింది. టీ లేదు, కాఫీ లేదు, ఉత్త వేడినీళ్లు. అక్క కూడా చివరి ఏళ్లలో ఇంటికి ఎవరొచ్చినా ముందు వేడినీళ్లే ఇచ్చేది. ఆ అలవాటు ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

ఆమె బొమ్మను బల్లమీద పరిచి నాలుగు మూలలా నున్నటి రాళ్లు పెట్టింది. ఆమె దాన్ని చూడడం అదే మొదలు.

అందులో ఉన్నది ఇది: ఒక కాలవ, కాలవలో గుర్రపుడెక్క, ఊదాపూల గుత్తి, దాని మీదికి వంగిన ఎండు కొమ్మ, కొమ్మ మీద లకుముకి పిట్ట. గోధుమ రంగు తల, తెల్లని మెడ, నీలం వీపు. మేము పెరిగిన నరసాపురంలో ఇలాంటివి కాలవ గట్టున రోజూ కనిపించేవి.

"ఈ కలుపు మొక్కను మా ఊళ్లో పందులకు వేస్తాం" అంది టీచరమ్మ పువ్వు చూపిస్తూ.

"మా ఊళ్లో గేదెలు కూడా ముట్టుకోవు" అన్నాను.

ఆమె నవ్వి, గోరుతో గాలిలోనే గీతలు చూపించింది. పూరేకులకు సన్నని అంచు గీసి లోపల పలచగా పొరమీద పొర రంగు నింపడం పాత దర్బారు పద్ధతి. ఆకు ఒక్కొక్కటి ఒక్క విసురుతో వేయడం పండితుల పద్ధతి. ఈ రెండూ చైనావే. నీళ్ల మీద మెరుపు, కొమ్మకు ఒకవైపు వెలుగు, పిట్ట కింద నీడ మాత్రం బయటివి.

"నా గురువు చూస్తే తిట్టేవాడు" అంది.

"ఎందుకు?" అంది కెజియా.

"పిట్టకు నీడ ఉంది. పాత బొమ్మల్లో సూర్యుడు ఎక్కడున్నాడో మేము చెప్పం. మా గురువుకు గురువు ఉన్నాడే, ఆయన జపాన్ వెళ్లాడు. యూరప్ వాళ్లు వెలుగు ఎలా వేస్తారో అక్కడ చూశాడు. తిరిగొచ్చి పొగమంచు వేశాడు, నీడ వేశాడు, రంగు తడిగా ఉండగా అందులో నీటి చుక్కలు వదిలాడు. ఊళ్లో వాళ్లు ఇది చైనా బొమ్మ కాదని నవ్వారు. బయటివాళ్లు ఇది మాదీ కాదని నవ్వారు."

"మరి మీరేమంటారు?"

"నేనా? నేను ఫీజు తీసుకుంటాను" అని పెద్దగా నవ్వింది. తర్వాత నెమ్మదిగా అంది: "మీ అమ్మకు ప్రతి బొమ్మ దగ్గరా రెండేళ్లు చెప్పాను, నీడ తీసేయమని. వినలేదు. పొద్దున ఏడు గంటల ఎండ అది, తూర్పునుంచి వస్తుంది, నీడ లేకపోతే ఏ పొద్దో ఎలా తెలుస్తుంది అని నాతో వాదించింది. తర్వాత నేను చెప్పడం మానేశాను." నా వైపు తిరిగింది: "మీ అక్క మూడు దేశాలను ఒక కాగితం మీద పెట్టింది."

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. అక్క పెట్టింది ఒక కాలవను. ఆ మాట అనేలోగా ఆమె వేలు పిట్ట వీపు మీద ఆగింది.

"ఈ నీలం ఎక్కడిది? నా దగ్గరది కాదు."

టీచరమ్మ నీలం పంపిందని అక్కతో చెప్పినప్పుడు కెజియా ఆ గదిలోనే ఉంది. ఇప్పుడు "మీరే పంపారు కదా" అంటుందని ఎదురు చూశాను.

కెజియా "షీ హ్యాడ్ లాట్స్ ఆఫ్ స్టఫ్, టీచర్" అని, కాగితం చుట్టడానికి లేచింది. గండం గడిచిందనుకున్నాను. ఆ పిల్ల ఎందుకు అలా అందో ఆలోచించలేదు. భయంలో ఉన్న మనిషి తప్పించుకోవడం ఒక్కటే చూస్తుంది.

టీచరమ్మ చేతులు ఇప్పుడు వణుకుతాయి, బొమ్మకు కాగితం అంటించడం ఆమెకు కుదరదు. దగ్గర్లోని ఫ్రేముల కొట్ల వాళ్లు వేడి యంత్రంలో పెట్టి అంటిస్తారు. అలా ఒకసారి అంటుకుంటే మళ్లీ ఊడదు, కాగితం చచ్చిపోతుంది అంది. మాంట్రియల్‌లో షెన్ అనే ఆయనకు ఫోన్ చేసి మా సంగతి చెప్పింది. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని "నీలం గురించి ఆయనను అడుగు" అంది.

కింగ్‌స్టన్

మధ్యాహ్నం మంచు మొదలైంది. ఆ దారిలో లారీలు ఎక్కువ. మన దగ్గర లారీ వెనక ‘హారన్ కొట్టు’ అని రాసి ఉంటుంది, కొడితే దారిస్తాడు. ఇక్కడ ఎవరూ హారన్ కొట్టరు. ఎత్తైన ట్రక్కు చప్పుడు లేకుండా పక్కకు వచ్చి, చక్రాల కింది మురికి మంచును మన అద్దం మీద చిమ్మి వెళుతుంది. రెండు మూడు క్షణాలు ఏమీ కనిపించదు. ఆ క్షణాల్లో నేను వెనక్కి తిరిగి అట్ట గొట్టాన్ని చూశాను. ముందు ఏముందో చూడాలని నాకు తోచనే లేదు.

"పిన్నీ, రోడ్ నేను చూస్తున్నా. నువ్వు ట్యూబ్ చూడు. గుడ్ టీమ్" అంది కెజియా.

నవ్వడానికి ప్రయత్నించాను. సరిగ్గా అప్పుడే మా ముందు వెళ్తున్న కారు బ్రేకు వేసింది. కెజియా కూడా వేసింది. మా కారు ఒక పక్కకు జారి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని మధ్యలో పెట్టిన కాఫీ కప్పు ఎగిరి వెనక సీట్లో పడింది. వేడి కాఫీ గొట్టం మీదుగా కారింది. నేను అరిచిన అరుపుకు కెజియా బెదిరిపోయి కారును రోడ్డు పక్కకు తీసి ఆపింది. గొట్టానికి నేను పొద్దునే మూడు పొరల ప్లాస్టిక్ కవర్లు చుట్టి టేపు వేశాను. లోపలికి చుక్క కూడా పోలేదు. అయినా ఒక్కొక్క పొరా తడిమి చూశాను.

"ఇట్స్ ఓకే. లుక్, డ్రై" అంది కెజియా. తర్వాత నా ముఖం చూసి, "నీకు యాక్సిడెంట్ భయమా, పెయింటింగ్ భయమా?" అంది.

"రెండూ" అన్నాను. అది నిజం కాదు.

ఆ రాత్రికి కింగ్‌స్టన్‌లో ఇమ్మానుయేలు గారింట్లో ఆగాము. ఆయనదీ నరసాపురమే. ఫార్మసీలో పని. భార్య సలోమి గారు వంట మొదలుపెడితే ఆపడం కష్టం. సముద్రమంత సరస్సు పక్కనే ఉంది కదా అని ఇక్కడి పికరెల్ చేపతో పులుసు పెట్టారు. పౌండు పదకొండు డాలర్లట. ముల్లు తక్కువ, రుచీ తక్కువే. చింతపండు ఎక్కువ వేసి నెట్టుకొచ్చానని ఆవిడే చెప్పారు.

బొమ్మ చూపించక తప్పలేదు. ఇమ్మానుయేలు గారు కళ్లజోడు పైకెత్తి చూశారు.

"అచ్చం మన మొగల్తూరు కాలవే కదండీ. ఇంత దూరం మాంట్రియల్ ఎందుకండీ? ముడతలేగా? పైన తడిగుడ్డేసి ఇస్త్రీ పెట్టెతో ఒక్కసారి లాగేస్తే సాఫయిపోద్ది. సలోమీ, మన ఇస్త్రీ పెట్టె తే."

"అయ్యో వద్దండీ" అని నేను బొమ్మకు అడ్డంగా నిలబడ్డాను.

"మీ చొక్కాలు మాడ్చింది చాలదా? బొమ్మ కూడా కావాలా?" అన్నారు సలోమి గారు వంటింట్లోంచి.

భోజనం ముందు ఆవిడ ప్రార్థన చేశారు. చలిదారి గురించి, అక్క ఆత్మ గురించి అడిగాక, బొమ్మ దగ్గరకు వచ్చారు: "ఎర్ర సముద్రంలో నీ జనాన్ని తడవకుండా నడిపించిన ప్రభువా, ఈ పిట్టను కూడా ఒక్క చుక్క తడవకుండా కాపాడు తండ్రీ."

"ఆంటీ," అంది కెజియా కళ్లు మూసుకునే, "తడవాలి. దట్స్ ది హోల్ పాయింట్."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేను ఆమెన్ అన్నాను. ఆ ప్రార్థనలో ఉన్నవన్నీ వదిలి పిట్ట తడవకూడదన్నది ఒక్కటే నిజంగా కోరుకున్నాను.

మాంట్రియల్, మెట్ల పైన

మర్నాడు ఎండ కాసింది, చలి మాత్రం పెరిగింది. షెన్ గారి పనిగది చైనా వీధిలో ఎండు పుట్టగొడుగులు, ఎండు రొయ్యలు అమ్మే కొట్టు పైన ఉంది. మెట్లెక్కుతుంటే వచ్చిన వాసన నరసాపురం ఎండుచేపల సంత వాసనే. కెజియా ముక్కు మూసుకుంది, నేను మూసుకోలేదు.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. గది మధ్యలో ఎర్ర లక్క పూసిన పొడవాటి బల్ల. గోడలకు తలుపుల్లాంటి చెక్కపలకలు, వాటిమీద అంచులు మాత్రం అంటించి ఆరబెట్టిన బొమ్మలు. మూలన మూడు గిన్నెల్లో నీళ్లు ఆవిరి కక్కుతున్నాయి. ఎందుకని అడిగితే, ఈ దేశపు చలికాలంలో ఇళ్లలో హీటర్ల వల్ల గాలి ఎండిపోతుంది, గోడ మీద కాగితం త్వరగా బిగుసుకుని నడిమికి చిరుగుతుంది అన్నాడు. "మొదటి చలికాలం పదకొండు చిరిగాయి. మనుషులు ఏడ్చారు. నేను కూడా."

నాకు కొత్త భయం పట్టుకుంది. అప్పటిదాకా నేను గాలి గురించి ఆలోచించలేదు.

పొయ్యి మీద జిగురు ఉడుకుతోంది. ఆ వాసనకు నేను అక్కడే నిలబడిపోయాను. మా నాన్న మిషన్ ప్రెస్సులో బైండరు. కీర్తనల పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవాడు. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు, పురుగు పట్టకుండా. అక్కా నేనూ ఆ జిగురు కలియబెట్టి పెరిగాము. ఇది షెన్ గారికి చెప్పాను. ఆయనకు మైలుతుత్తం అర్థం కాలేదు. విషపు నీలి రాయి అన్నాక అర్థమైంది.

"మేము పటిక వేస్తాం" అన్నాడు. "మీ నాన్న జిగురు చిక్కగానా, పలచగానా?"

"అట్టకు చిక్కగా. కాగితానికి పాలలాగా."

"పాలలాగా" అని తలూపాడు. "మంచి పనివాడు."

మూడు నెలల్లో నాకు కొంచెం ఊరటనిచ్చిన మాట అదే. అది కూడా ఎంతోసేపు నిలవలేదు.

దూది

బొమ్మను బల్లమీద పరిచాక ఆయన ఏమీ పొగడలేదు. సన్నని పుల్లకు దూది చుట్టి, నీళ్లలో ముంచి పిండి, ఒక్కొక్క రంగు మీద అద్దుతూ వచ్చాడు. నల్ల సిరా మీద అద్దాడు. దూది తెల్లగానే ఉంది. ఆకుపచ్చ మీద అద్దాడు. తెల్లగానే ఉంది. ఊదాపువ్వు మీద లేతగా ఏదో అంటింది, పర్వాలేదన్నాడు. కొత్త దూది తీసుకుని పిట్ట తోక చివర, కనిపించీ కనిపించని చోట అద్దాడు.

దూది నీలంగా మారిపోయింది.

ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. "ఇది ఏ నీలం?"

తెలియదని చెప్పవచ్చు. అలా చెబితే ఆయన దాన్ని మామూలు నీటిరంగు అనుకుని తడుపుతాడు. పోతే పోయింది, ఎవరి తప్పూ కాదు అనుకుంటారు. ఈ ఆలోచన నాకు వచ్చింది. ఇక్కడ రాయకపోతే ఈ కథనం అబద్ధమవుతుంది.

"పిల్లల రంగు," అన్నాను. "ఉతికితే పోయేది. నేనే కొన్నాను. టీచరమ్మ పంపిందని మా అక్కకు అబద్ధం చెప్పాను."

ఇంగ్లీషులోనే చెప్పాను. షెన్ గారికీ కెజియాకూ ఇద్దరికీ అర్థం కావాలి కనక. ఆమె వైపు చూసే ధైర్యం లేక దూదినే చూస్తూ చెప్పాను. కెజియా కోటు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే మంచులో తల వంచుకుని వీధి దాటుతోంది. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. టోపీ మర్చిపోయింది.

షెన్ గారు నన్ను కూర్చోమన్నాడు. మూడు దారులున్నాయన్నాడు. బొమ్మను ఇలాగే సొరుగులో దాచుకోవచ్చు. నీలం ఉంటుంది, కాగితం మడతల దగ్గర కొన్నేళ్లలో విరుగుతుంది. వేడి యంత్రంతో అంటించవచ్చు. ఆయన చేయడు, వేరేచోటికి వెళ్లాలి. లేదా పటిక నీళ్లలో జంతు జిగురు కలిపి, పైనుంచి మంచులా చల్లి, ఆరబెట్టి, మళ్లీ చల్లి, రంగును కాగితానికి కట్టేయడానికి ప్రయత్నించవచ్చు. తర్వాత తడపాలి.

"అప్పుడు నిలుస్తుందా?"

"కొంత నిలుస్తుంది. కొంత పోతుంది. ఎంతో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాణ్ని నమ్మకు."

సొరుగులో దాచేద్దామని నోటిదాకా వచ్చింది. కాని బొమ్మ నాది కాదు.

గంట తర్వాత కెజియా వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. చేతిలో పక్క బేకరీ డబ్బా, అందులో కోడిగుడ్డు జున్నులాంటి నింపుడున్న చిన్న టార్టులు, ఒక్కోటి రెండు డాలర్లు. ఒకటి షెన్ గారికి ఇచ్చింది, ఒకటి నా ముందు పెట్టింది. ఆయన మూడు దారులూ మళ్లీ చెప్పాడు. ఆమె సగంలోనే ఆపి "డూ ద వాటర్" అంది.

"ఫోన్ చేసి మీ నాన్నను కూడా అడుగుదామా?" అన్నాను.

"డాడ్ విల్ సే ఆస్క్ పిన్ని. నువ్వేమో ఏమీ చెప్పవు." టార్టు కొరికింది. "తినండి. చల్లారిపోద్ది."

అది కోపమో కాదో నాకు తెలియలేదు. నేను కోపమనే అనుకున్నాను. ఆ రోజంతా, మర్నాడంతా ఆమె నీలం మాట ఎత్తలేదు. హోటల్లో ఫోన్ చూసుకుంది, నాకు ఫ్రెంచి మెనూ చదివి పెట్టింది, చేతి తొడుగులు మరిచిపోతే వెనక్కి వెళ్లి తెచ్చింది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

ఎర్ర బల్ల

పటిక నీళ్లు చల్లడం, ఆరబెట్టడం రెండు రోజులు సాగింది. నాలుగుసార్లు చల్లాక మళ్లీ దూది అద్దాడు. ఈసారి అంటిన నీలం చాలా లేత. "తక్కువ," అన్నాడు. "లేకుండా పోలేదు."

మూడో రోజు పొద్దున బొమ్మను బోర్లా తిప్పాడు. వెనకనుంచి చూస్తే పిట్ట కుడివైపు తిరిగి ఉంది. మంచినీళ్లు సన్నగా చల్లాడు. కాగితం ఒక్కసారిగా మెత్తబడి, బల్లకు అంటుకుపోయి, లోపలి రంగులన్నీ ముదురుగా పైకి తేలాయి. ముడతలు మాయమయ్యాయి. ఎంత బాగుందో చెప్పలేను. భయం కూడా అంతే ఉంది. ఆ తడిలో రంగు అటో ఇటో కదిలితే ఆపేవాళ్లు లేరు.

ఆయన పాలలాంటి జిగురును వెడల్పాటి మెత్తని బ్రష్షుతో మధ్యనుంచి అంచులకు రాశాడు. పిట్ట ఉన్నచోట మాత్రం రాయలేదు, అద్దాడు. తర్వాత కొత్త కాగితం పట్టుకుని, ఒక కొసనుంచి నెమ్మదిగా దించుతూ, నారబ్రష్షుతో తట్టుతూ పోయాడు. ఆ బ్రష్షు తాటినారతో చేసింది, మన సున్నం కుంచెకు చుట్టం. నేను అడుగులో అడుగు వేస్తూ బల్ల పక్కనే నడిచాను. పిట్ట మీదుగా బ్రష్షు పోయినప్పుడు కెజియా నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు గుచ్చుకున్నాయి.

"ఆగిపోయింది" అన్నాడు షెన్ గారు. రంగు గురించో పని గురించో అప్పుడు తెలియలేదు.

రెండు కాగితాలనూ కలిపి ఎత్తి బొమ్మ మాకు కనిపించేలా గోడ పలక మీద అంచులు అంటించాడు. పిట్ట వీపు నీలం సగానికి సగం తగ్గింది. తోక దగ్గర చిటికెనవేలు గోరంత నీలం కిందికి పాకి నీళ్లలోకి దిగింది.

తర్వాత ఈ బొమ్మ చూసిన ఒకరిద్దరు అది పిట్ట ప్రతిబింబంలా ఉంది, కావాలని వేసినట్టే ఉంది అన్నారు. లేదు. పిట్ట నీడ ఇంకోవైపు ఉంది, అక్క చేత్తో వేసింది. ఇది మరక.

గోడ

ఆరడానికి మరి రెండు రోజులు. గిన్నెల్లో నీళ్లు తగ్గితే నింపడానికి నేను పొద్దునా సాయంత్రం వెళ్లాను. ఆయన వద్దనలేదు. అక్కడ కుర్చీలో కూర్చుని కాగితం వైపు చూస్తూ ఉండేదాన్ని. హీటరు టిక్కుమన్నప్పుడల్లా చిరిగిందేమోనని లేచేదాన్ని. అక్క దగ్గర చివరి వారం కూడా ఇలాగే కూర్చున్నాను. అప్పుడు భయపడిన సంగతి జరిగింది. ఇప్పుడు భయపడుతున్నది జరగలేదు. రెండు భయాలూ ఒకేలా ఉన్నాయి. ఏది నిజమవుతుందో భయాన్ని చూసి చెప్పలేము.

ఆఖరి రోజు షెన్ గారు వెదురు చీలికను కాగితం అంచు కింద దూర్చి, చుట్టూ తిప్పుకొచ్చాడు. పెళపెళమని చిన్న చప్పుడు. బొమ్మ ఊడి ఆయన చేతుల్లోకి వచ్చింది. చిరగలేదు.

సిల్కు అంచు ఏ రంగులో వేయమంటారన్నాడు. అంచు వద్దన్నాను. కెజియా కూడా వద్దంది.

అప్పుడు ఆయన బొమ్మను వెనక్కి తిప్పాడు. "ఈ వెనక కాగితం ఎప్పటికో పాతబడుతుంది. అప్పుడు ఎవరో దీన్ని ఊడదీసి మళ్లీ తడుపుతారు. నేను ఉండను, మీరు ఉండరు. వాళ్లకు చెప్పాలి." వాళ్ల పనిలో అది అలవాటట. ఒక మూల చిన్న అక్షరాలతో చైనా భాషలో రెండు వరుసలు రాశాడు. కలం నాకు ఇచ్చాడు. "నీ భాషలో కూడా రాయి. ఏ దేశంవాడు చదువుతాడో తెలియదు."

నేను రాశాను: ‘ఈ నీలం నీళ్లకు నిలవదు. పిల్లల రంగు. వేసింది సుగుణ. కొన్నది చెల్లెలు విమల. అక్కకు అబద్ధం చెప్పింది.’

"ఏం రాశావ్?" అంది కెజియా. చదివి వినిపించాను.

ఆమె ఆ వరుసల మీదికి వంగింది. నా చేతిలోంచి కలం తీసుకుని, కింద ఇంగ్లీషులో మూడే మాటలు రాసింది. అమ్మకు అది తెలుసు అని.

ఆ మూడు మాటలు రెండుసార్లు చదివాను.

"స్మెల్ చూసింది పిన్నీ. నువ్వు పార్కింగ్ పే చేయడానికి కిందికెళ్లావ్. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది నీ కిండర్‌గార్టెన్ పెయింట్ వాసనే అంది. నా బట్టలన్నీ తనే కదా ఉతికేది. నవ్వింది కూడా. మీ పిన్నికి చెప్పకు, బాధపడుద్ది అంది." ఆమె గొంతు తగ్గింది. "ఇట్ వుడ్ వాష్ ఆఫ్, షీ న్యూ దట్. తెలిసే వేసింది. సో అమ్మ ఇది ఉంచమందా, వద్దందా? ఐ డోంట్ నో. ఆ రోజు బయట నడిచింది అందుకే. నీ మీద కోపం కాదు."

"మరి నీళ్లు పోయమన్నావు కదా?"

"నాకు కావాలి కనక."

షెన్ గారికి మా మాటలు అర్థం కాలేదు. కాగితాన్ని చుట్టబోయిన నా చేతిని పక్కకు జరిపి, సిరా ఇంకా ఆరలేదన్నాడు. ముగ్గురం బల్ల చుట్టూ నిలబడి, అది ఆరే దాకా చూశాము.